కార్బన్ పట్టే ప్లాంట్లలో ఏది మేలు? ముందు గొయ్యి చూసుకోండి, మెషీను తర్వాత

పోయిన దసరాకి పాల్వంచ వెళ్లినప్పుడు మా బావకి లాప్‌టాప్‌లో ఒక పట్టిక చూపించాను. నేను గచ్చిబౌలిలో, విదేశీ క్లయింట్లకి ఎనర్జీ మార్కెట్ రిపోర్టులు రాసిపెట్టే ఆఫీసులో పనిచేస్తాను. కరెంటు ప్లాంటు పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని వేరుచేసే పద్ధతులు ఎన్ని ఉన్నాయి, ఒక్కోదానికి ఎంత ఖర్చు, ఎంత శాతం పట్టుకుంటుంది, ఎవరు అమ్ముతున్నారు, అన్నీ రంగురంగుల గళ్లలో పెట్టాను. బావ ముప్ఫై ఏళ్లు కేటీపీఎస్‌లో, అంటే కొత్తగూడెం థర్మల్ ప్లాంటులో, బాయిలర్ దగ్గర చేసి రిటైరైన మనిషి. కళ్లద్దాలు సర్దుకుని ఓపిగ్గా చివరిదాకా చదివి, "ఇదంతా బానే ఉంది బామ్మర్దీ, పట్టిన గ్యాస్‌ని ఎటు పంపుతరు?" అన్నాడు.

ఆ గడి నా పట్టికలో లేదు.

హైదరాబాద్ వచ్చాక పట్టికని తిరగేసి మళ్లీ రాశాను. మొదటి గడి గ్యాస్ ఎటు పోతుంది, రెండోది డబ్బు ఎవరిస్తారు, మెషీను ఆఖరున. ప్లాంటుల్లో పనిచేసేవాళ్లు, ఈ రంగంలో ఉద్యోగం చూసుకుంటున్న కెమికల్, మెకానికల్ పిల్లలు, ఈ పేరు చెప్పి అమ్ముతున్న షేర్లు కొందామా అని ఊగిసలాడుతున్నవాళ్లు, ఎవరికైనా ఈ వరసే పనికొస్తుందని నా నమ్మకం.

ఒక జాగ్రత్త ముందే చెప్పేస్తాను. ఈ మార్కెట్ ఫలానా ఏడాదికల్లా ఇన్ని బిలియన్ డాలర్లు అవుతుందని నెట్‌లో పది రిపోర్టులు కనిపిస్తాయి, పదింటిలో పది అంకెలు. అలాంటివి తయారయ్యే చోట కూర్చుని చెబుతున్నాను, వాటిని చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. సహజవాయువు శుద్ధి, ఎరువులు, ఇథనాల్, కరెంటు అన్నీ ఒకే బుట్టలో వేసి లెక్కకట్టేస్తారు. ప్రపంచం మొత్తమ్మీద ఇప్పుడు నడుస్తున్న ప్లాంట్లన్నీ కలిపి ఏడాదికి పట్టగలిగేది దాదాపు 5 కోట్ల టన్నులు, ఇంధనాలు కాల్చి మనం గాల్లోకి వదిలేది 3,700 కోట్ల టన్నుల పైనే. ఆ 5 కోట్లలోనూ పెద్ద వాటా సహజవాయువు శుద్ధి చేసే చోట్లదే, అక్కడ కార్బన్‌ని వేరుచేయకపోతే సరుకే అమ్ముడుపోదు కాబట్టి. కరెంటు ప్లాంట్లంటే పెద్దవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకని బిలియన్లు పక్కనపెట్టి ఆ వేళ్లనే లెక్కపెడదాం.

గ్యాస్ ఎటు పోతుంది

మన శివారు కాలనీల్లో డ్రైనేజీ లైను రాకముందే ఇల్లు కట్టి, బాత్రూముల్లో ఖరీదైన ఫిట్టింగులు పెట్టించుకుని, నెలకోసారి సెప్టిక్ ట్యాంకు బండికి ఫోన్ చేసేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. కార్బన్ ప్లాంట్లలో సగం కథలు ఇలాంటివే. పట్టడం ఎలాగో చాలామందికి తెలుసు, పంపే దారే ఉండదు.

దారి నాలుగు రకాలు. పాత చమురు బావిలోకి కొట్టి, ఆ ఒత్తిడితో మిగిలిన చమురు బయటికి లాగడం. సముద్రం కింద ఉప్పునీటితో నిండిన రాతిపొరల్లోకి పంపడం. బసాల్ట్ అనే నల్లరాతిలోకి పంపి రాయిగా మార్చేయడం. లేదంటే ఇంకేదైనా సరుకు తయారీకి వాడుకోవడం.

చమురు బావి దారిలో పోయినవాళ్లే మొదట లేచారు, మొదట పడ్డారు కూడా. కెనడా సస్కాచెవాన్‌లో బౌండరీ డ్యామ్ 3వ యూనిట్ 2014 అక్టోబరులో మొదలైంది. బొగ్గు యూనిట్‌కి పూర్తి స్థాయిలో ఈ ప్లాంటు తగిలించడం ప్రపంచంలో అదే మొదలు. ఏడాదికి 10 లక్షల టన్నులు పడుతుందన్నారు, గ్యాస్‌ని వేబర్న్ చమురు క్షేత్రానికి అమ్మారు. మొత్తం 50 లక్షల టన్నులు చేరేసరికి 2023 వచ్చింది, అంటే ఎనిమిదేళ్లు దాటింది. అనుకున్నట్టు నడిచుంటే అప్పటికి 80 లక్షలు దాటాలి. కంప్రెసర్లు ఆగడం, ద్రావణం పాడవడం, ఎక్స్ఛేంజర్లు మూసుకుపోవడం, ప్లాంటులో పనిచేసినవాళ్లకి కొత్త సంగతులేం కావు.

రెండోది హ్యూస్టన్ దగ్గరి పెట్రా నోవా, నాకు ఎక్కువ పాఠం చెప్పింది ఇదే. 240 మెగావాట్ల పొగకి సరిపడే ప్లాంటు, 100 కోట్ల డాలర్ల ఖర్చు, చెప్పిన బడ్జెట్‌లో, చెప్పిన టైముకి పూర్తయి 2017 మొదట్లో నడవడం మొదలైంది. గ్యాస్ 130 కిలోమీటర్ల పైపులో వెస్ట్ రాంచ్ చమురు క్షేత్రానికి పోయేది. మెషీను చాలావరకు బాగానే పనిచేసింది, మూడేళ్లలో దాదాపు 35 లక్షల టన్నులు పట్టింది. 2020లో కొవిడ్ వచ్చి చమురు ధర పడిపోయేసరికి గ్యాస్ కొనే బేరం గిట్టుబాటు కాలేదు, మే నెలలో మూసేశారు. తర్వాత ఆ ప్లాంటులో సగం వాటా ఎన్‌ఆర్‌జీ కంపెనీ 36 లక్షల డాలర్లకి జపాన్ భాగస్వామి జేఎక్స్‌కి ఇచ్చేసింది. అప్పటి రేటుకి ముప్ఫై కోట్ల రూపాయల లోపు, కోకాపేటలో రెండు మూడు విల్లాల ఖరీదు. 2023 సెప్టెంబరులో మళ్లీ నడిపారు. మెషీను అదే, పొగ అదే, మధ్యలో ముఖ్యంగా మారింది చమురు ధర.

అందుకని మొదటి సలహా ఇది. గ్యాస్‌కి గిరాకీ చమురు బావి ఒక్కటే అయితే మీరు నడిపేది కార్బన్ వ్యాపారం అనుకోకండి, చమురు వ్యాపారమే. చమురు ఎక్కువ తీయడానికి కార్బన్ పంపి, ఆ చమురు కాలిస్తే మళ్లీ కార్బన్ వచ్చే సంగతి వేరే ఉంది, దాని జోలికి ఇప్పుడు పోను.

సముద్రం కింద దాచే దారి నిదానం, కానీ నిలకడ ఉన్నది. నార్వేలో స్లైప్నర్ 1996 నుంచి దాస్తూనే ఉంది, మొదటి ఏళ్లలో ఏడాదికి దాదాపు 10 లక్షల టన్నులు. అది సహజవాయువు శుద్ధి చేసే చోటు, కరెంటు ప్లాంటు కాదు, అయినా గొయ్యి నమ్మదగ్గదని ముప్ఫై ఏళ్లుగా చూపిస్తున్నది అదే. ఇప్పుడు అదే దేశంలో నార్తర్న్ లైట్స్ అని, ఎవరైనా ఓడలో గ్యాస్ తెచ్చి ఇస్తే డబ్బు తీసుకుని సముద్రం అడుగు నుంచి 2,600 మీటర్ల లోతుకి పంపే సర్వీసు పెట్టారు. 2025 ఆగస్టులో మొదటి గ్యాస్ లోపలికి పోయింది. స్టాక్‌హోంలో చెక్కముక్కలు కాల్చే వేడి, కరెంటు ప్లాంటు తన గ్యాస్‌ని అక్కడికే పంపాలని ఒప్పందం చేసుకుంది, ఏడాదికి 9 లక్షల టన్నుల దాకా. ఆ స్వీడన్ ప్లాంటుకి మైక్రోసాఫ్ట్ 2024లోనే 33 లక్షల టన్నుల పైచిలుకు కొనుగోలు ముందుగా రాసిచ్చింది. చెట్టు గాల్లోంచి తీసుకున్న కార్బన్‌ని మనం భూమిలోకి పంపితే గాల్లో ఉన్నది తగ్గినట్టే అని దీనికి మంచి రేటు పలుకుతుంది.

బసాల్ట్ దారి చదివినప్పుడు నాకు కాస్త ఉత్సాహం వచ్చిన మాట నిజం. ఐస్‌లాండ్‌లో హెల్లిషైడి భూతాపం కరెంటు ప్లాంటు దగ్గర కార్బ్‌ఫిక్స్ వాళ్లు గ్యాస్‌ని నీళ్లలో కలిపి నల్లరాతిలోకి పంపితే, రెండేళ్ల లోపే 95 శాతం పైగా రాయైపోయిందని 2016లో ప్రచురించారు. మన దక్కను రాయి కూడా బసాల్టే, ఉప్పల్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు దీని మీద పనిచేశారు కూడా. అయితే హైదరాబాద్ కూర్చున్నది గ్రానైట్ బండ మీద. నల్లరాయి కావాలంటే వికారాబాద్, జహీరాబాద్ వైపు పోవాలి, అక్కడ మళ్లీ ఆ పొర పల్చన, పడమర కనుమల వైపు పోయేకొద్దీ మందం. పైగా ఐస్‌లాండ్ పద్ధతిలో టన్ను గ్యాస్‌కి 25 టన్నుల నీళ్లు కావాలి. ఎండాకాలం ట్యాంకర్ కోసం లైను కట్టే జనానికి ఈ సంగతి ఎవరు చెబుతారో చెప్పమనండి.

ఇక వాడుకోవడం. ఇది చెవికి ఇంపుగా ఉంటుంది, "వ్యర్థం నుంచి సంపద" అని పోస్టర్లు కూడా వేయొచ్చు. మధ్యప్రదేశ్‌లో ఎన్టీపీసీ వింధ్యాచల్‌లో పొగలోంచి రోజుకు 20 టన్నులు పట్టి మిథనాల్ చేసే ప్లాంటు పెట్టారు, నేర్చుకోవడానికి మంచి పని. కానీ 500 మెగావాట్ల యూనిట్ ఒకటి ఫుల్ లోడులో రోజుకు పదివేల టన్నుల చుట్టూ వదులుతుంది, అందులో 20 అంటే వెయ్యికి రెండు. ఇంకో లెక్క చూడండి, దీన్ని నేను మూడుసార్లు చెక్ చేసుకున్నాను. టన్ను కార్బన్ డయాక్సైడ్‌ని మిథనాల్‌గా మార్చాలంటే 136 కిలోల హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ని నీళ్లలోంచి కరెంటుతో తీస్తే కిలోకి 50 యూనిట్ల పైన పడుతుంది, మొత్తం దాదాపు 7,000 యూనిట్లు. అసలు ఆ టన్ను గ్యాస్ వచ్చినప్పుడు బొగ్గు కాల్చి మనం తీసిన కరెంటు వెయ్యి యూనిట్లు! వెయ్యి సంపాదించి, దాని చెత్త ఎత్తడానికి ఏడువేలు. తూత్తుకుడిలో బొగ్గు బాయిలర్ పొగ పట్టి సోడా యాష్ చేసే ప్లాంటు 2016 నుంచి ఉంది, ఏడాదికి 60 వేల టన్నులు, ఐఐటీ ఖరగ్‌పూర్ కుర్రాళ్లు మొదలుపెట్టిన కార్బన్ క్లీన్ కంపెనీ టెక్నాలజీ. అది గిట్టుబాటైంది, ఎందుకంటే కొనేవాడు అదే కాంపౌండులో ఉన్నాడు. అలాంటి పక్కింటి గిరాకీ ఉంటే కళ్లు మూసుకుని చేయండి. 800 మెగావాట్ల యూనిట్‌కి మాత్రం అంత సోడా ఎవరు వాడతారు?

మెషీన్లు

ఇక్కడ పెద్దగా తేల్చుకోవాల్సింది లేదు, అందుకే నా వరస తప్పించి డబ్బు సంగతి కంటే ముందే తొందరగా చెప్పేస్తాను.

చిమ్నీకి పోయే పొగని పక్కకి మళ్లించి అమీన్ అనే రసాయనం కలిపిన ద్రావణంతో కడగడం అన్నిటికంటే పాత పద్ధతి. ద్రావణం గ్యాస్‌ని పట్టుకుంటుంది, 120 డిగ్రీల దాకా వేడిచేస్తే వదిలేస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు. మిత్సుబిషి హెవీ, షెల్ కాన్సాల్వ్, ఫ్లూర్ లాంటివాళ్లు అమ్ముతారు. పెట్రా నోవాది మిత్సుబిషిది, బౌండరీ డ్యామ్‌ది కాన్సాల్వ్. నడుస్తున్న ప్లాంటుకి తగిలించాలంటే ఇది తప్ప ఇంకోటి లేదనే చెప్పాలి. దీని బాధంతా ఆవిరితో. టర్బైన్‌కి పోవాల్సిన ఆవిరిని ద్రావణం కాచడానికి లాగేస్తుంది, కంప్రెసర్లకి కరెంటు వేరే, మొత్తమ్మీద ప్లాంటు ఉత్పత్తిలో 20 నుంచి 30 శాతం తగ్గుతుంది. 800 మెగావాట్ల యూనిట్‌లో తక్కువలో తక్కువ 160 మెగావాట్లు పోయినట్టు. ఆగ్జిలరీ కన్జంప్షన్, అంటే ప్లాంటు తన సొంతానికి వాడుకునే కరెంటు, అర శాతం పెరిగితేనే పై ఆఫీసు నుంచి ఫోన్లు వచ్చేవని బావ నవ్వాడు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. సల్ఫర్ డయాక్సైడ్ ఉంటే అమీన్ పాడైపోతుంది, పది పీపీఎం దాకా, అంటే పది లక్షల్లో పది వంతులకి, దించితే గానీ లోపలికి పంపరు. అంటే ముందు పొగలోంచి సల్ఫర్ తీసే ఎఫ్‌జీడీ ఉండాలి, దాని తర్వాత ఇంకో కడుగుడు ఉండాలి. 2025 జులైలో కేంద్రం మన దేశంలో ఎక్కువ ప్లాంట్లకి ఎఫ్‌జీడీ తప్పనిసరి కాదని సడలించింది. కాబట్టి ఎఫ్‌జీడీ లేని ప్లాంటుకి ఎవరైనా కార్బన్ మెషీను కొటేషన్ ఇస్తే, అందులో ఇది కలిసిందో లేదో అడగండి. మా దగ్గరికి వచ్చిన ఒక కొటేషన్‌లో కలవలేదు, ఎవరిదో చెప్పను.

బొగ్గుని ముందే గ్యాస్‌గా మార్చి, కార్బన్ తీసేసి, మిగిలింది కాల్చడం రెండో పద్ధతి. కాగితం మీద అందం దీనిదే. మిసిసిపీలో కెంపర్ కౌంటీ ప్లాంటు 300 కోట్ల డాలర్ల లోపు అని మొదలై 750 కోట్లకి పోయింది, 2017లో ఇక చాలని బొగ్గు భాగం ఆపి మామూలు సహజవాయువు మీద నడుపుకున్నారు, 2021లో ఆ గ్యాసిఫైయర్ కట్టడాన్ని పేల్చి పడగొట్టారు. మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ వాళ్లు బూడిద ఎక్కువుండే మన బొగ్గుని గ్యాస్ చేసి మిథనాల్ తీశారు, రోజుకు పావు టన్ను. అది నిజంగా గొప్ప పనే, ఎందుకంటే మన బొగ్గులో బూడిదే 30 నుంచి 45 శాతం, పరాయి గ్యాసిఫైయర్లు దానికి తట్టుకోవు. కానీ పావు టన్నుకీ పవర్ ప్లాంటుకీ మధ్య చాలా దూరం ఉంది.

గాలికి బదులు ఆక్సిజన్‌తో కాల్చడం మూడోది. ఆస్ట్రేలియాలో కాలైడ్ దగ్గర 30 మెగావాట్ల యూనిట్‌లో 2012 నుంచి 2015 దాకా నడిపి చూసి ఆపేశారు. టెక్సస్‌లో నెట్ పవర్ కంపెనీ సహజవాయువుతో, కార్బన్ డయాక్సైడ్‌తోనే టర్బైన్ తిప్పే కొత్త సైకిల్ చేసింది. ఆలోచన నాకు చాలా నచ్చింది. దాని షేర్లు కొనమని మాత్రం చెప్పను, పెద్ద ప్లాంటు ఒకటి నడిచి చూపించేదాకా ఆగండి.

డబ్బు ఎవరిస్తారు

కరెంటు ప్లాంటు పొగ లాంటి పల్చని గ్యాస్‌లోంచి పట్టడానికి టన్నుకి 40 నుంచి 120 డాలర్లని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. ఆ రెండిటి మధ్య ఒక 60 వేసుకుందాం, డాలరుకి 85 వేసుకున్నా 5,100 రూపాయలు. బొగ్గు కరెంటు ఒక యూనిట్‌కి కిలోకి అటూఇటూగా గ్యాస్ వస్తుంది, టన్ను అంటే వెయ్యి యూనిట్లు. కాబట్టి యూనిట్‌కి ఐదు రూపాయలు అదనం, పైపు ఖర్చు, పూడ్చే ఖర్చు ఇందులో లేవు. మన డిస్కం బొగ్గు కరెంటు కొనేదే నాలుగు నుంచి ఆరు రూపాయలకి. సోలార్ టెండర్లు రెండున్నర రూపాయల చుట్టూ, బ్యాటరీతో కలిపినవి మూడు, మూడున్నర దగ్గర తెగుతున్నాయి. ఆ ఐదు రూపాయలు ఎవరో ఒకరు పెట్టుకోవాలి, ఎవరు పెట్టుకుంటారన్న దాన్ని బట్టే ఏ దేశంలో మార్కెట్ ఉందో తెలుస్తుంది.

అమెరికాలో పన్ను రాయితీ ఇస్తారు, 2022 చట్టంతో పూడ్చిన టన్నుకి 85 డాలర్లు, చమురు బావికి పంపితే 60. 2025 జులైలో రెండూ 85 చేశారు. డేటా సెంటర్లకి కరెంటు దొరకక గూగుల్ కూడా 2025 అక్టోబరులో ఇల్లినాయ్ డికేటర్‌లో 400 మెగావాట్ల గ్యాస్ ప్లాంటుకి, కార్బన్ పట్టే షరతుతో, మద్దతిచ్చింది. బ్రిటన్‌లో ప్రభుత్వమే పూచీ పడింది, 25 ఏళ్లకి 2,170 కోట్ల పౌండ్ల దాకా అని 2024 అక్టోబరులో చెప్పింది. ఆ ధైర్యంతోనే టీసైడ్‌లో 742 మెగావాట్ల గ్యాస్ ప్లాంటుకి అదే డిసెంబరులో డబ్బు కుదిరింది, ఏడాదికి 20 లక్షల టన్నుల దాకా పట్టి ఉత్తర సముద్రం కిందికి పంపాలని. ఇదే బ్రిటన్ 2015 నవంబరులో వంద కోట్ల పౌండ్ల పోటీని ఒక్క ప్రకటనతో రద్దు చేసిందని మరిచిపోకండి. చైనాలో చేసేది ప్రభుత్వ కంపెనీలే, జియాంగ్సులో తైజౌ బొగ్గు ప్లాంటు దగ్గర ఏడాదికి 5 లక్షల టన్నులది 2023లో నడిపారు.

మన దగ్గర కార్బన్ క్రెడిట్ల ట్రేడింగ్ స్కీము 2023లో నోటిఫై అయింది, మొదటి విడత టార్గెట్లు పరిశ్రమలకే, థర్మల్ ప్లాంట్లకి కాదు. అంటే పొగ వదిలినందుకు ప్లాంటుకి ఇవాళ జరిమానా లేదు, పట్టినందుకు బహుమానమూ లేదు.

అయితే ఏది ఎంచుకోవాలి

తెలంగాణ ప్లాంట్లు తీసుకుంటే, పాత చిన్న యూనిట్లకి తగిలించడం డబ్బు తగలెయ్యడమే. మణుగూరు దగ్గరి భద్రాద్రి 270 మెగావాట్ల యూనిట్లు కొత్తవే అయినా పాత రకం, సబ్ క్రిటికల్, అంటే తక్కువ ఒత్తిడి ఆవిరితో నడిచేవి, వాటి మీద ఇంకో పాతిక శాతం భారం పెట్టలేం. చేస్తే గీస్తే ఎక్కువ ఒత్తిడి ఆవిరితో, తక్కువ బొగ్గుతో నడిచే 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్లకే. దామరచర్ల యాదాద్రిలో అలాంటివి ఐదున్నాయి, అక్కడి నుంచి నరసాపురం వైపు కేజీ బేసిన్ పాత బావులకి గీత గీస్తే రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. పాల్వంచ నుంచి రాజమండ్రి వైపు అయితే 130, 140. పెట్రా నోవా పైపు పొడవు కూడా అంతే అని చెబితే బావ ముఖం వెలిగింది, మధ్యలో అడవి, కొండలు, గోదావరి ఉన్నాయని ఆయనే గుర్తుచేసి మళ్లీ తగ్గాడు. ఆ పైపు ఊళ్ల పక్కనుంచి పోవాలి కూడా. 2020లో మిసిసిపీలోని సటార్షియా దగ్గర ఇలాంటి పైపు పగిలి 45 మంది ఆస్పత్రి పాలయ్యారు, ఈ గ్యాస్ గాలికంటే బరువు, పల్లంలో నిలిచిపోతుంది. నా ఓటు మాత్రం ఇప్పటికి ఎఫ్‌జీడీ, హీట్ రేటు (యూనిట్ కరెంటుకి కాలే బొగ్గు వేడి) తగ్గించడం, సోలార్‌తో కలిపి నడిపే ఫ్లెక్సిబిలిటీ, ఈ మూడింటి మీద ఖర్చుకే. కార్బన్ ప్లాంటుకి స్థలం వదిలి ఉంచితే చాలు.

ఉద్యోగం చూసుకునే పిల్లలకి: అమీన్ డిజైన్ చేసేవాళ్లు ఇప్పటికే బాగానే ఉన్నారు, హైదరాబాద్ ఇంజినీరింగ్ ఆఫీసుల్లోనే చాలామంది టీసైడ్ లాంటి పనులకి డ్రాయింగులు చేయగలరు. తక్కువ ఉన్నది భూమి లోపలి సంగతి తెలిసినవాళ్లు. రిజర్వాయర్, జియోఫిజిక్స్, బావి సిమెంటింగ్ వైపు వెళ్లండి. సిమెంటు, స్టీలు కంపెనీలని కూడా వదలకండి, 2026 జనవరి నుంచి తయారీలో వదిలిన కార్బన్ లెక్కన దిగుమతుల మీద వేసే యూరప్ సరిహద్దు పన్ను వాటికి తగులుతోంది, కరెంటు ప్లాంట్ల కంటే ముందు అవసరం పడేది వాటికే.

షేర్లవాళ్లు ఇవాళ ఇండియాలో కార్బన్ పూడ్చి లాభం చూపిస్తున్న కరెంటు కంపెనీ ఒక్కటీ లేదని గుర్తుంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఎవరైనా ప్లాంటు తరఫున కొటేషన్ చూడాల్సి వస్తే కాగితంలో మూడు చోట్ల ఆగండి. 90 శాతం పడుతుందన్న గ్యారంటీ గంటకా, ఏడాదికా. బౌండరీ డ్యామ్ తేడా అంతా అక్కడే వచ్చింది. ఆవిరి మీ టర్బైన్ నుంచి లాగుతారా, పెట్రా నోవాలో లాగా వేరే గ్యాస్ టర్బైన్ పెడతారా, పెడితే దాని పొగ లెక్కలో ఉందా, అక్కడ లేదు. పూడ్చిన గ్యాస్ ముప్ఫై ఏళ్ల తర్వాత లీకైతే బాధ్యత మీదా, బావి ఓనర్‌దా, ప్రభుత్వానిదా. మూడోదానికి జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.